ఎల్లారెడ్డి కాలేజీలో శనివారం కోర్టు

మీ పిల్లల కాలేజీ పత్రికను ఎప్పుడైనా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివారా? నిజం చెప్పండి. మొన్న కామారెడ్డిలో మా మనవరాలు తన కాలేజీ వార్షిక సంచికను ఫోనులో చూపించింది. నిగనిగలాడే రంగులు, పెద్దల ఫోటోలు, అచ్చుతప్పు లేని వ్యాసాలు. సంపాదకవర్గంలో తన పేరూ ఉంది. ఇందులో నీకు బాగా నచ్చినదేమిటని అడిగితే, "నేనింకా చదవలే తాతా, అన్నీ ఫోన్లకెల్లి తీసినయే" అని నవ్వేసింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎల్లారెడ్డిలో తెలుగు పాఠాలు చెప్పుకునే రోజుల్లో నాకు అప్పగించిన పత్రిక సంఘం గుర్తుకొచ్చి, ఆ పూటంతా మనసు అక్కడే తిరిగింది.

మా కాలంలోనూ అంతా గొప్పగా ఉండేదని చెప్పను. గైడ్లలోంచి దించిన వ్యాసాలు వచ్చేవి, సంఘంలోని పిల్లలు ఆవులిస్తూ వాటిని సాపు రాసేవారు, వారం తిరిగేసరికి ఒకరిద్దరు రావడం మానేసేవారు. ఒక ఏడాదైతే చివరికి తాడ్వాయి నుంచి బస్సులో వచ్చే సంపాదకురాలు ఒక్కతే మిగిలేట్టు కనిపించింది. ఆ ఏడు పత్రిక రాకపోతే ఇక ముందు నోటీసులూ ఫోటోలూ కలిపి అచ్చేయించి సరిపెడదామని కాలేజీలో అప్పటికే అనుకుంటున్నారు. ఆ అమ్మాయికి అది తలవంపు. కూలికి పోయే తల్లి మొదలు రోజూ ఎక్కే బస్సు కండక్టరు దాకా, తాము తయారుచేసే పుస్తకం తెచ్చి చూపిస్తానని అందరికీ చెప్పుకుంది మరి.

నేను సంఘ సంస్కరణ సభల్లో, వాదోపవాదాల మధ్య పెరిగినవాణ్ణి. బతిమాలితే పిల్లలు పనిచేయరని, పోట్లాటకు పిలిస్తే పరుగెత్తుకొస్తారని నా నమ్మకం. అందుకే శనివారం మధ్యాహ్నాలు ల్యాబు వెనక గదిలో కోర్టు పెట్టాం. వచ్చిన ప్రతి వ్యాసమూ ముద్దాయే. ఒకరు నేరం మోపాలి, మరొకరు కాపాడాలి. రాసినవాళ్లు మాత్రం నోరు విప్పకూడదు, వాళ్ల తరఫున ఇంకొకరే వాదించాలి. వాదించాలంటే చదవక తప్పదు కదా! మిర్చీలూ చాయా నడుస్తుండగా, కర్ణాటక, మహారాష్ట్ర సరిహద్దులోని జుక్కల్ నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లవాడు, కోపమొస్తే కన్నడంలోకీ నవ్వొస్తే మరాఠీలోకీ జారిపోయేవాడు, వకీలులా లేచేవాడు. "చెట్లు పెంచాలె అని రాసిండు. గీయన ఒక్క చెట్టన్న పెట్టిండా అడుగుండ్రి!" అన్నాడొకసారి. గది గొల్లుమంది. చెట్ల వ్యాసం వీగిపోయింది, కానీ అది రాసిన కుర్రవాడే తమ బావి ఎండిపోయిన ఎండాకాలం గురించి మళ్లీ రాసుకొచ్చాడు, ఈసారి ఎక్కడి నుంచీ దించకుండా. మానేసినవాళ్లంతా తిరిగొచ్చారు. చోటు చాలక కొందరు కిటికీల్లో కూర్చునేవారు.

ఆ ఊపులోనే ప్రిన్సిపాల్ గారి సందేశమూ బోనెక్కింది. క్రమశిక్షణ, బంగారు భవిష్యత్తు, ఏటేటా అవే మాటలు. కాపాడటానికి ఎవ్వరూ లేవలేదు, అందరూ కలిసి కొట్టేశారు. సంగతి ఆయన చెవిన పడింది. పత్రిక ఆపేయమన్నారు. నేను వెళ్లి ఎంత వాదించినా తల ఎత్తలేదు. మరుసటి శనివారానికి పిల్లలు భయపడి రాలేదు. ఆ అమ్మాయి, జుక్కల్ పిల్లవాడు తప్ప గది ఖాళీ.

అమ్మాయి లేచి నేరుగా ప్రిన్సిపాల్ గదికి నడిచింది. నేను వెనకే వెళ్లాను.

"సార్, మేం తప్పు చేసినం. మీ రాతను కొట్టేసినందుకు గాదు. మీ దిక్కు మాట్లాడేటోళ్లు లేకుండనే తీర్పు చెప్పినం. గట్ల చేసుడు మా కోర్టు కానూన్ గాదు. నేను వాదిస్త. జర మీరొచ్చి కూసోండి సార్."

ఆయన కుర్చీ వెనక్కి జరిపి లేచారు. ప్రిన్సిపాల్ బోనెక్కుతున్నారంటే ఎవరాగుతారు? చాయ్ రాకముందే గది నిండిపోయింది.

"మా ముద్దాయి అబద్ధం రాయలే. అసలు ముచ్చట దాసుకున్నడు, గంతే," అని మొదలుపెట్టింది అమ్మాయి. ఈ ఒక్కసారికి రాసినవారిని మాట్లాడనివ్వమని అందరినీ అడిగి, ఆయన వైపు తిరిగింది. "క్రమశిక్షణతోని చదవాలె అన్నరు. మీరెట్ల చదివిండ్రు సార్?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నేనే ఫెయిలైన, బిడ్డా. ఇంట్ల చెప్పనీకి భయమై రిజల్ట్ ఇంక రాలేదని చెప్పిన. రైస్‌మిల్లుల బస్తాలు కుట్టుకుంట మల్ల చదివిన."

జుక్కల్ పిల్లవాడు లేచాడు. "సార్, గిది రాయుండ్రి! గా బంగారు భవిష్యత్తు ఎవలికి గావాలె?"

అందరికంటే ముందు నవ్వింది ప్రిన్సిపాల్ గారే. ఆయన తిరిగి రాసుకొచ్చిన సందేశాన్నీ పిల్లలు వదల్లేదు, మళ్లీ విచారించి రెండు వాక్యాలు కోసేశాకే ఒప్పుకున్నారు. ఆ కాగితాల కట్ట ఒళ్లో పెట్టుకుని మేము కామారెడ్డి ప్రెస్సుకు బస్సెక్కినప్పుడు, టికెట్టు కొట్టడానికి వచ్చిన ఆ కండక్టరుకే ఆ అమ్మాయి తానే మొదటి పేజీ తీసి చదివి వినిపించింది.

ఇప్పుడు పత్రికలు అందంగా ఉన్నాయి, తప్పుల్లేవు, తగాదాలూ లేవు. పిల్లలు చెడిపోయారని నేననను. ఆనాటి పిల్లలకు ఎదురుగా నిలబడి జవాబు చెప్పే పెద్దలు దొరికారు, మా మనవరాలికి దొరకలేదు. ఆ గోల మళ్లీ వినాలని ఈ వయసులో నాకు ఆశగా ఉంది, అయితే ఆశ పడుతూ కూర్చుంటే వినబడదు. కాబట్టి ఈ వారమే మీ ఊరి కాలేజీకి వెళ్లండి. పత్రిక పని చేసే పిల్లల్ని పిలిచి, మీరు బతుకంతా గట్టిగా నమ్మిన మాట ఒకటి వాళ్ల ముందు పెట్టండి. నిలదీయమనండి. జవాబు దొరక్కపోతే, దొరకలేదని వాళ్ల ఎదుటే ఒప్పుకోండి.