గొంగడికి వారం రోజుల నిర్బంధం

మేడ్చల్ ఆటోవాలాలు నల్ల ట్రంకుపెట్టెను ఒక మనిషి కింద లెక్కేస్తారు. అది దర్జాగా కూర్చుంది, నేను వేలాడాను. శామీర్‌పేట దారిలోని చిన్న సైనిక ఆస్పత్రికి అలా చేరాను, నర్సింగ్ అసిస్టెంటుగా. ఎండాకాలం. అంతకుముందు మంచుకొండల్లో పనిచేశాను కాబట్టి ఇంట్లోవాళ్లు దీన్ని విశ్రాంతి అనుకున్నారు. ఇక్కడి శత్రువుకు ఎనిమిది కాళ్లు. కంటికి ఆనదు. గజ్జి పురుగు.

మల్లయ్య తాతది తూంకుంట, గొర్రెల మంద. కొడుకు సరిహద్దులో జవాను. తాత నిమోనియాతో చేరాడు, వేళ్ల సందుల్లో గజ్జి బయటపడింది. డాక్టరు మేజర్ మేడం ఆజ్ఞలు పొట్టివి. విడి గది. గ్లౌజులు, గౌను. మెడ నుంచి అరికాళ్ల దాకా మందు, రాత్రంతా ఉంచి పొద్దున ఆరింటికి స్నానం. వారానికి మళ్లీ. బట్టలన్నీ వేడినీళ్లలో. ఇంట్లో దురద ఉన్నా లేకున్నా అందరికీ అదే రోజు మందు.

తాత బెంగ వేరు. పది రోజుల్లో మనవరాలిని తొట్టెలో వేస్తారు. అప్పటికి ఇంటికి పంపుతామా, లేదా?

మర్నాడు ఆయన పరుపు కింద గొంగడి దొరికింది. ఆయన ఇంట్లోవాళ్లు అన్నీ ఉతికారు, దీన్ని తప్ప.

"గిదేంది తాతా?"

"గొంగడి ఉతుకుతరా బిడ్డా? మా ఇంట్ల పుట్టిన పిల్లను ముందుగాల దీనిమీదనే పండవెడ్తం."

"రాత్రి కప్పుకున్నవా?"

"సలివెట్టింది."

"ఎండాకాలంల?"

"అలవాటు."

ఇంటర్‌కమ్‌లో హవల్దారుకు చెప్పాను. "ఉస్తాద్, పరుపు కింద గొంగడి."

"అరెస్ట్ చెయ్యి," అన్నాడు.

తాతకు మందు మళ్లీ మొదటి నుంచి. గొంగడికి ప్లాస్టిక్ సంచి, మూతి బిగించి వారం రోజులు. మనిషి ఒళ్లు దొరక్కపోతే పురుగు చస్తుంది. తాత రోజూ దాని క్షేమం అడిగేవాడు. బాగానే ఉందని చెప్పేవాణ్ణి.

ఇంతలో తాత ఇంటి నుంచి ఫోన్: దురద లేనివాళ్లు మందు పూసుకోరట. తాత ఫోన్ లాక్కున్నాడు.

"మందల ఒక్క గొర్రెకైతే అన్నిటికి పుయ్యమా? మీరేమన్న గొర్లకన్న ఎక్కువనా?"

ఆ సాయంత్రమే అందరూ పూసుకున్నారు.

తొట్టెల ముందురోజు మేడం చూసి, ఇక అంటదు, వెళ్లొచ్చంది. గొంగడిని ఎండలో దులిపి ఆయన భుజాన వేశాను.

నేను సైన్యం వదిలి గాజులరామారం ఇంటికి తిరిగొచ్చి చాలా కాలమైంది. మంచుకొండలు కలలోకి కూడా రావు. వచ్చేది వార్డు గుమ్మం: ఆ రోజు ఇంటికి వెళ్తూ తాత నా చెయ్యి పట్టుకుందామని చెయ్యి చాపాడు. నా చెయ్యి దానంతటదే గ్లౌజుల డబ్బా వైపు వెళ్లింది. ఆయన చెయ్యి గాల్లోనే ఆగింది.

"రోగం పోయిందంటిరి గద. మల్ల గ్లౌజెందుకు?"