గడ్డం పట్టుకున్న చెయ్యి

అమలాపురం నుంచి రాజోలు వెళ్లే బస్సులో పక్క సీటు పెద్దాయన పూర్తిగా నా వైపు తిరిగి మాట్లాడుతుంటే మొదట విసుగేసింది. చెన్నైలో టీవీ కంపెనీ నడిపారట. తమిళ సీరియళ్లను తెలుగులోకి, తెలుగువి తమిళంలోకి డబ్బింగ్ చేయించేవారట.

"పెదాలకి మాట కలవకపోతే ఒప్పుకునేవాణ్ణి కాదండీ. మా అమ్మాయికి పుట్టు చెవుడండీ. పెదాలు చూసే అర్థం చేసుకునేది. నేనేమో ఎప్పుడూ ఫోన్లోనే. గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకునేది. చెయ్యి తోసేసేవాణ్ణి."

"ఇప్పుడెక్కడున్నారండీ అమ్మాయిగారు?"

"తొమ్మిదో ఏటే జ్వరంతో పోయిందండీ. ఉన్నదంతా పెట్టి ఇక్కడ అలాంటి పిల్లలకి బడి కట్టేను."

ఆయన ఆ బడి దగ్గర దిగి, ఎదురొచ్చిన చిన్నపిల్ల ముందు గొంతుక్కూచున్నారు. జేబులో ఫోన్ మోగింది. అటు చూడబోయిన ఆయన గడ్డం పట్టుకుని, పిల్ల తనవైపు తిప్పుకుంది.

మా బస్సు కదిలేదాకా ఆయన ఆ చెయ్యి వదల్లేదు.