మొదటి పీరియడ్ మీద అఖిల వ్యాసం

అఖిలది దర్శికి పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో ఒక ఊరు. నాన్న యలమంద మిర్చి, పత్తి వేస్తాడు. ఇంట్లో ఏ వాదనలోనైనా అఖిలదే గెలుపు, గొంతు పెద్దది కాబట్టి.

దర్శి కాలేజీలో డిగ్రీ రెండో ఏడాది చదువుతుండగా జహీరున్నీసా మేడం, ఎదుటివాళ్లను ఒప్పించేలా ఒక వ్యాసం రాయమన్నారు. అఖిల కూర్చున్నపళంగా మూడు పేజీలు రాసేసింది. ఎనిమిదిన్నరకు బయల్దేరి దారిలో ఊళ్లన్నీ తిరిగెళ్లే బస్సు తొమ్మిదిన్నర క్లాసుకి రోజూ పది నిమిషాలు ఆలస్యం చేస్తోంది, కాబట్టి అది ఎనిమిదింటికే రావాలి. డిపోవాళ్లను నాలుగు చోట్ల తిట్టింది కూడా.

మేడం కాగితాలు తిరగేసి, "కోపం బాగుందమ్మా. బస్సు ముందొస్తే ఇబ్బందిపడేది ఎవరో అడిగావా?" అన్నారు.

"ఎవరు పడతారు మేడం? అందరికీ మంచిదేగా."

"అడిగి రా."

మర్నాడు అఖిల బస్సులో వెనక సీట్ల దగ్గరికి వెళ్లింది. మిరపకాయలకు తొడిమలు తీసే షెడ్డుకు వెళ్లే ఆడవాళ్లు అక్కడ కూర్చుంటారు. పక్కింటి వెంకటరావమ్మను అడిగింది.

"పిన్నీ, బస్సు ఎనిమిదింటికే వస్తే నీకేమన్నా ఇబ్బందా?"

"ఇబ్బంది కాక? ఐదింటికి లేస్తన్నా. వంట చేసి, గేదె పాలు పిండి, అత్తకి మందులిచ్చేసరికి ఈ టైమవుద్ది. బస్సు పోతే ఆ రోజు పని పోయినట్టే."

అఖిల మూడు పేజీల్లో ఈవిడ ఎక్కడా లేదు.

ఆదివారం కొత్త వ్యాసం మొదలుపెట్టింది. మారాల్సింది బస్సు కాదు, మొదటి పీరియడ్. అది పావుగంట ఆలస్యంగా, తొమ్మిదీముప్పావుకి మొదలవ్వాలి. ఆ నెల ఆలస్యంగా వచ్చిన ముప్ఫై ఒక్కమందిలో ఇరవై ఆరుగురు ఆ బస్సువాళ్లేనని రిజిస్టరు చూసి రాసింది. కాలేజీ ఆలస్యంగా వదిలితే సాయంత్రం బస్సు తప్పిపోదా అని ఎవరైనా అడుగుతారని ఊహించి, భోజన విరామంలో పావుగంట తగ్గించవచ్చని రాసింది. తిట్లు ఒక్కటీ లేవు. ఒకటిన్నర పేజీకే అయిపోయింది.

మేడం ఆ కాగితాలు అఖిల చేతికే ఇచ్చి ప్రిన్సిపాల్ లక్ష్మీనరసింహం గారి దగ్గరికి పంపారు. ఆయన రెండుసార్లు చదివారు.

"పిల్లల భోజనాలకి టైం చాలుతుందా?"

"క్యాంటీన్ ఇలియాస్ అన్నని అడిగానండి. అరగంట దాటితే అక్కడ ఎవరూ ఉండరంట."

ఆయన నవ్వి, నెల రోజులు చూద్దామన్నారు. నెల అయ్యాక పాత టైముకి మార్చమని ఎవరూ అడగలేదు.

వ్యాసానికి పదికి ఏడు మార్కులే వచ్చాయి, ముగింపు తొందరలో రాసిందని. అఖిల అప్పటికే ఇంకో వ్యాసం పనిలో ఉంది. తొడిమల షెడ్డులో కూర్చోడానికి పీటలు కూడా లేవని వెంకటరావమ్మ చెప్పింది. షెడ్డు ఓనరు ఏమంటాడో ముందు కనుక్కోవాలి.