విజిల్ ఎవరి మెడలో ఉంటే వాళ్లదే మాట

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో పోయి రావడం కూడా ఒక యాత్రేనా అని మీరు నవ్వొచ్చు. పన్నెండు మంది ఆడపిల్లలను వెంటేసుకొని, దీపాలు పెట్టేలోగా తిరిగి తెచ్చి అప్పజెప్తానని మాటిచ్చి, ఒకసారి పోయి రండి. అప్పుడు ఇద్దరం కలిసి నవ్వుకుందాం.

నేను నంద్యాలలో ఆడపిల్లల బడిలో తెలుగు చెప్తాను. డ్రిల్లు చెప్పడానికి మనిషి దొరకలేదు కాబట్టి అదీ నా నెత్తినే పడింది. నయాపైసలు వచ్చి ఏడాది కావస్తున్న రోజులవి. ఆళ్లగడ్డ బడివాళ్లు ఒక శనివారం వక్తృత్వ పోటీ పెట్టి మమ్మల్ని కూడా రమ్మన్నారు. 'నాయకుడికి ఉండవలసిన లక్షణాలు' అన్నది విషయం. మా పిల్లలు బడి తరఫున ఊరు దాటి పోవడం అదే మొదలు. ఇంటింటికీ తిరిగి పెద్దవాళ్లను ఒప్పించేసరికి నా చెప్పులు అరిగిపోయాయి.

అందరికన్నా గట్టిగా బిగుసుకున్నది ఓబుళమ్మ నాయన. సంజామల దగ్గర పెద్ద రైతు. కూతుర్ని నంద్యాలలో తన చెల్లెలి ఇంట్లో పెట్టి నాలుగో ఫారం చదివిస్తున్నాడు. చదివిస్తున్నాడే గానీ, ఎప్పుడు మాన్పిద్దామా అని సాకు వెతుక్కుంటున్నట్టే ఉండేవాడు.

“శనివారం నేనూ నంద్యాలకు వస్తాండా,” అన్నాడు. “దీపాలు పెట్టే యాలకు నా బిడ్డ బస్టాండులో నా ముందర నిలబడల్ల. ల్యాకుంటే ఇంక చదివింది చాలు, ఊరికి పిల్చకపోతా.”

నేను సరేనన్నాను. ఓబుళమ్మ ఎప్పుడూ ఏమీ అనదు. క్లాసులో పేరు పిలిస్తే చెయ్యెత్తుతుంది గానీ నోరెత్తదు. వ్యాసం రాయమంటే మాత్రం రెండు పేజీలు నింపి, మూడో పేజీ ఉందా అన్నట్టు చూస్తుంది. అలాంటి పిల్లను చదువు మాన్పించనివ్వకూడదని గట్టిగా అనుకున్నాను.

ఈ ప్రయాణానికి నేనొక పద్ధతి పెట్టాను. పెత్తనమంతా నా డ్రిల్లు విజిల్‌ది. పోయేటప్పుడు అది ఒక పిల్ల మెడలో ఉంటుంది, వచ్చేటప్పుడు ఇంకో పిల్ల మెడలో. విజిల్ ఎవరి మెడలో ఉంటే వాళ్ల మాటే అందరూ వినాలి, నాతో సహా. ఆ పిల్ల అందరికన్నా చివర బస్సెక్కాలి, అందరికన్నా చివర దిగాలి. పాఠంలో నాయకత్వం గురించి ఎంత చెప్పినా, మా పిల్లలు బజారు దాటాలంటే నా కొంగు వెతుక్కుంటున్నారు. నేను మాట్లాడుతున్నంతసేపూ వాళ్లు మాట్లాడరన్న సంగతి తెలిసేసరికి నాకు ముప్పై ఏళ్లు దాటాయి.

మా బడి ఆయా మస్తానమ్మ ఈ మాట విని పడీపడీ నవ్వింది. “నువ్వు గమ్మునుంటావా టీచరమ్మా? పొద్దు గూకేదాకా? సూస్తాంలే!”

మస్తానమ్మను కూడా తీసుకొని ఉదయం ఏడు గంటల బస్సుకు బయలుదేరాం. పోయేటప్పటి విజిల్ శకుంతలది. పోటీలో మాట్లాడబోయేది కూడా ఆ పిల్లే. గొంతు విప్పితే బడి పక్కవీధిలో కుక్కలు లేచి నిలబడతాయి. టికెట్ల దగ్గరే మొదటి తగువు వచ్చింది. కండక్టరు నయాపైసల్లో చెప్పమంటే అణాల్లో చెప్తాడు, అణాలిస్తే నయాపైసలు కావాలంటాడు. శకుంతల నడుం మీద చెయ్యి పెట్టుకొని, కళ్లు పెద్దవి చేసి, “ఏమండీ, ఒక్కసారి చెప్తే అర్థం కాదా?” అంది. పిల్లలంతా నా వైపు చూసి మూతులు మూసుకొని నవ్వారు. నాకు ఆలస్యంగా తట్టింది. ఆ చెయ్యి, ఆ కళ్లు, ఆ మాట, అన్నీ నావే.

దారి చక్కని దారి. ఎడమవైపు నల్లమల కొండలు వెంటే వస్తాయి. కుడివైపు కోసిన జొన్నచేలు, కళ్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు. సిరివెళ్లలో బస్సు కాసేపు ఆగింది. శకుంతల విజిల్ ఊది, “ఎవరూ దిగొద్దు! కిటికీలోంచి చేతులు బయట పెట్టొద్దు! మాట్లాడొద్దు!” అని మూడు ఆజ్ఞలు జారీ చేసింది. ముందు సీట్లో ముసలాయన ఒకాయన భయపడి తన చెయ్యి కూడా లోపలికి తీసుకున్నాడు. “ఊపిరి తీసుకోవచ్చా అమ్మీ?” అని అడిగాడు పాపం.

తొమ్మిది దాటాక ఆళ్లగడ్డలో దిగాం. బస్టాండు పక్క హోటల్లో బొరుగుల ఉగ్గాని, బజ్జి తిన్నాం. ఆ వైపు పోయేవాళ్లు ఉగ్గాని తినకుండా రావద్దు, కానీ మిరపకాయ బజ్జిని కొంచెం అనుమానంతోనే కొరకండి.

పోటీ సంగతి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే అందులో చెప్పడానికి ఎక్కువ లేదు. తొమ్మిది మంది మాట్లాడారు. తొమ్మిది మందీ నాయకుడికి ధైర్యం, సత్యం, సేవ ఉండాలన్నారు. శకుంతలకు రెండో బహుమతి వచ్చింది. మొదటిది రానందుకు ముక్కు ఎర్రబడింది గానీ, రంగు పెన్సిళ్ల డబ్బా చేతిలో పడగానే సర్దుకుంది.

మధ్యాహ్నం తెచ్చుకున్న చిత్రాన్నం తిని, శిల్పాలు చెక్కే చోటికి పోయాం. ఆళ్లగడ్డ పోయి అవి చూడకపోతే పోనట్టే. పందిరి కింద సగం దేవుళ్లు, పావు దేవుళ్లు వరసగా నిలబడి ఉన్నారు. ఒక ఆచారి దగ్గర కుర్రవాళ్లు నలుగురు పని నేర్చుకుంటున్నారు. కొత్తవాడికి మొదట ఏం పని ఇస్తారని మా పిల్లలు అడిగారు.

“ఏనుగు కాలు ఇస్తాం,” అన్నాడు ఆచారి నవ్వుతూ. “రవ్వంత ఎక్కువ పోయినా ఏనుగు సన్నబడతాదంతే. మొదటి దినమే మొగం ఇస్తే వాడు బెదురుకుంటాడు, మల్ల ఉలి పట్టడు.”

ఆ మాట నాకు నచ్చింది. తిరుగు ప్రయాణం విజిల్ ఓబుళమ్మ మెడలో వేశాను. వచ్చేదారిలో పనేముంది, నాలుగు గంటల బస్సెక్కి నంద్యాలలో దిగడమే, ఇదీ ఏనుగు కాలే అనుకున్నాను. కూతురి మెడలో విజిల్ వాళ్ల నాయన కళ్లబడితే మంచిదని కూడా లోపల ఒక ఆశ. ఓబుళమ్మ ఆ విజిల్‌ను తేలును చూసినట్టు చూసింది.

బస్సు కడప వైపు నుంచి వచ్చింది. వస్తూనే తుమ్ముతూ వచ్చింది. తప్పుగా చదవలేదు మీరు. ఆ రోజు హమాలీ రాలేదట, ఒక శెట్టిగారి ఎండుమిరప మూటలన్నీ టాపు మీదికి ఎక్కించకుండా లోపలే వెనక సీట్లలో కుక్కారు. లోపలున్నవాళ్లంతా ముక్కుకు తువ్వాళ్లు అడ్డం పెట్టుకొని ఉన్నారు.

“ఆరుమందికే సందుండాది,” అన్నాడు కండక్టరు. “తక్కినోళ్లు తరవాత బస్సుకు రాండి.”

“అదెప్పుడు వస్తాది?” అంది మస్తానమ్మ.

“రాత్రికి. అదీ వస్తే.”

నాకు నోరు దురదపెట్టింది. ఐదుగురిని మస్తానమ్మతో ముందు పంపించేయాలి, ఓబుళమ్మను ఆ ఐదుగురిలో ఎక్కించాలి, మిగిలినవాళ్లతో నేను ఉండిపోవాలి. ఇంత లెక్కా క్షణంలో వేసేసరికి, నా చెయ్యి నడుం మీదికి పోయింది. మస్తానమ్మ నా మోచెయ్యి పట్టుకొని కిందికి లాగింది. “విజిల్ నీ మెడలో ల్యాదు,” అంది చెవిలో.

పిల్లలంతా ఓబుళమ్మ వైపు తిరిగారు. ఆ పిల్ల బస్సు వైపు చూసింది, మూటల వైపు చూసింది, పొద్దు వైపు చూసింది. డ్రైవరు హారన్ కొట్టాడు. నేను నా పెదవి కొరుక్కున్నాను. ఇంత కష్టమైన పని నేను పుట్టి బుద్ధెరిగాక చేయలేదు.

అప్పుడు విజిల్ మోగింది. సన్నగా మోగింది గానీ మోగింది.

“మూటలు పైకెక్కిస్తే అందరికీ సందు అయితాది,” అంది ఓబుళమ్మ.

కండక్టరు నవ్వాడు. “ఎవురెక్కిస్తారు? మీ టీచరమ్మనా?”

“మేమే.”

“నా మూటలు పైన పెట్టి, నంద్యాలలో ఎవురు దించుతారు?” అన్నాడు శెట్టిగారు లోపలినుంచి.

“అదీ మేమే దించుతాం.”

ఓణీ కొంగు నడుముకు బిగించి, బస్సు వెనక నిచ్చెన పట్టుకొని టాపు మీదికి ఎక్కేసింది. గడ్డివాములు ఎక్కి దిగిన పిల్ల, ఆమెకు అదొక ఎత్తా! పిల్లల్ని డ్రిల్లులో బంతులు అందించుకున్నట్టు వరసగా నిలబడమంది. శకుంతల మొహం మాడ్చుకుంది. “నలుగురూ చూస్తే ఏమనుకుంటారు? నేను మొయ్యను.”

“నువ్వు మొయ్యొద్దు,” అంది ఓబుళమ్మ పైనుంచి. “నీ గొంతు పెద్దది. నువ్వు హైసా చెప్పు.”

శకుంతల రెండో బహుమతి గొంతు ఎత్తి “హైసా!” అనగానే బస్టాండంతా ఇటు తిరిగింది. మూటలు పెద్దవే గానీ తేలిక. చేతి మీద చెయ్యిగా పోయాయి. మూడో మూట పోయేసరికి లోపల కూర్చున్న మగవాళ్లకు సిగ్గేసి నలుగురు దిగి వచ్చారు. తుమ్ములకు, హైసాలకు మధ్య పని అయిపోయింది. ఓబుళమ్మ కిందికి దిగి, అందరూ ఎక్కారని చూసుకొని, చివరగా తను ఎక్కింది. కండక్టరు ఆ పిల్లకు తన సీటు ఇచ్చాడు.

బస్సు ఆలస్యంగా కదిలింది. సిరివెళ్ల దాటేసరికే ఎండ పసుపు పచ్చబడింది. నల్లమల ఇప్పుడు మా కుడివైపు నీలంగా, తర్వాత నల్లగా మారింది. పిల్లలు పాటలు మొదలుపెట్టారు. ఓబుళమ్మ మాత్రం ఎడమ కిటికీలోంచి పొద్దు వైపే చూస్తూ కూర్చుంది. ఏమీ భయం లేదని చెప్పాలని ఉన్నా చెప్పలేదు, నాకే భయంగా ఉంది.

నంద్యాల బస్టాండులో ఆగేసరికి, టీ కొట్టతను గ్యాస్‌లైటుకు గాలి కొడుతున్నాడు. దాని ముందే తెల్ల పంచె, భుజాన తువ్వాలతో ఓబుళమ్మ నాయన నిలబడి ఉన్నాడు. ఆ పిల్ల తలుపు దగ్గరే ఉంది. ఒక్క అంగ వేస్తే మాట నిలబడుతుంది.

“దిగు పాపా, బిన్నా దిగు!” అని పిలిచాడాయన.

“ఉండు నాయనా,” అంది ఓబుళమ్మ. “అందరూ దిగల్ల.”

ఒక్కొక్కరే దిగారు. నేను దిగాను, మస్తానమ్మ దిగింది. ఇంతలో గ్యాస్‌లైటు భగ్గున వెలిగి బస్టాండంతా తెల్లగా అయింది. దీపం పెట్టేశారు. ఓబుళమ్మ దిగింది, వాళ్ల నాయన ముందు నిలబడలేదు. నేరుగా వెనక్కి పోయి నిచ్చెనెక్కింది.

“యాడికి పోతాండావే?” అన్నాడాయన.

“మూటలు దించుతామని శెట్టికి మాటిచ్చినా.”

బస్టాండులో జనం తలెత్తి చూస్తున్నారు. పెద్దరైతు కూతురు బస్సు టాపు మీద, మెడలో విజిల్, చేతిలో మిరప మూట. ఇంక అయిపోయింది అనుకున్నాను, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కొంత మిరపకాయల వల్ల కూడా.

“నాయనా, అట్ల నిలబడినావే, పట్టుకో!” అంది పైనుంచి.

ఆయన ఇటు చూశాడు, అటు చూశాడు. తువ్వాల తలకు చుట్టి, రెండు చేతులూ చాచి మూట పట్టుకున్నాడు. పట్టుకొని గట్టిగా తుమ్మాడు. శకుంతల “హైసా!” అంది. మూటలన్నీ దిగేదాకా ఆయన అక్కడినుంచి కదల్లేదు.

పని అయ్యాక ఓబుళమ్మ విజిల్ తీసి నా చేతిలో పెట్టింది. ఆయన ముక్కు తుడుచుకొని దాని వైపే చూశాడు.

“టీచరమ్మా, ఈ ఈల మల్ల దీనికి ఎప్పుడొస్తాది?”

“పన్నెండు మంది ఉన్నారు. ఏడాదికి మూడు ఊర్లు పోతాం. పోయేటప్పుడు ఒకరు, వచ్చేటప్పుడు ఒకరు.” ఏడాదికి మూడు ఊర్లని అప్పటికప్పుడు నోటికొచ్చింది చెప్పాను.

ఆయన వేళ్లు మడిచి లెక్కేసుకున్నాడు. “అంటే రెండేండ్లు. అప్పటికి ఎస్సెల్సీలో ఉంటాది గదా.” తల ఊపాడు. “సరే, రానీ వంతు.”

ఇద్దరూ చీకట్లో మాట్లాడుకుంటూ పోయారు. ఎక్కువగా మాట్లాడుతున్నది ఓబుళమ్మే. నేను, మస్తానమ్మ ఇంటిదాకా తుమ్ముకుంటూ నడిచాం.