పదకొండింటి కత్తెర

ఆ కుట్టుపని షెడ్డులో కటింగ్ మాస్టారంటే అందరికీ ప్రాణం. పదిహేను మంది కుట్టేవాళ్లకు ఆయనే పెద్దదిక్కు. ఎవరింట్లో ఎవరికి జ్వరమొచ్చినా ముందు తెలిసేది ఆయనకే. కోపమనేది ఆయన జాతకంలోనే లేదు. ఉన్న అవలక్షణం ఒక్కటే, గుడ్డ మీద కత్తెర పెట్టమంటే మీనమేషాలు లెక్కపెడతాడు.

పొద్దున్నే ఎనిమిదికల్లా వచ్చేస్తాడు. గుడ్డ తాను విప్పి బల్ల మీద పొరలు పొరలుగా పరుస్తాడు. అట్ట నమూనా పెట్టి సుద్దతో గీస్తాడు, టేపుతో కొలుస్తాడు, గీత చెరిపి మళ్లీ గీస్తాడు. కత్తెరకు నూనె వేస్తాడు. ఫ్యాను ఎందుకు కిర్రుమంటోందో చూసొస్తాడు. కత్తెర కదిలేసరికి పదకొండు. అందాకా పదిహేను మిషన్లూ మూగనోము పట్టినట్టు కూర్చోవాల్సిందే. ఎవరైనా గొణిగితే "నిదానమే ప్రధానం" అంటాడు. ఆలస్యం అమృతం విషం అని ఇంకో సామెత కూడా ఉంది. అది మాత్రం ఆయన చెవిన పడదు.

పాపం, కారణం లేకపోలేదు. కొత్తలో ఒకసారి రెండు వందల చొక్కాలకు చేతులు రెండంగుళాలు పొట్టిగా కత్తిరించేశాడు. యజమాని పల్లెత్తు మాట అనలేదు. అనుంటే బాగుండేది. తిట్లయితే నాలుగు రోజులకు మరిచిపోయేవాడు. ఆ మౌనాన్ని ఇరవై ఏళ్లయినా మరిచిపోలేకపోయాడు.

మాస్టారి ఆలస్యమంతా చివరికి వెళ్లి పడేది కాజాలు కుట్టే అమ్మాయి నెత్తిన. కాలరూ, చేతులూ, జేబూ అన్నీ అయ్యాకే గదా కాజాలు! అందరూ ఐదింటికి ఇంటిదారి పడితే ఆమె ఏడింటిదాకా తల ఎత్తేది కాదు. ఆమెకు ఐదేళ్ల కూతురు. ఆ పిల్లను ఉంచే పిల్లల కేంద్రం ఆరింటికే మూసేస్తారు. ఆయా తాళం చేత్తో పట్టుకుని, పిల్లను పక్కన పెట్టుకుని, రోజూ గుమ్మంలో కూర్చునేది.

ఒక శనివారం ఆమె మాస్టారి బల్ల దగ్గరికొచ్చింది.

"మాస్టారూ, వచ్చే నెల నుంచి నేను పనిలోకి రాను."

"అదేంటమ్మా! ఎవరేమన్నారు?"

"ఎవరూ ఏమన్లేదండీ. మా నాన్న కూడా నన్ను మీ అంత బాగా చూసుకోలేదు. కానీ ఆయా ఇంక తన వల్ల కాదంది. మీరు పొద్దున ఆలోచిస్తూ కూర్చుంటే, సాయంత్రం నా పిల్ల గుమ్మంలో కూర్చుంటోంది."

మాస్టారు చేతిలోని సుద్ద బల్ల మీద పెట్టేశాడు. తన భయం తన ఒక్కడిదే అనుకున్నాడు ఇన్నేళ్లూ. దాని బరువు ఎవరో పసిపిల్ల మోస్తోందని తెలిసేసరికి ఆయనకు సిగ్గుతో తల వాలిపోయింది.

సోమవారం ఎనిమిదింటికి గుడ్డ పరిచాడు, గీశాడు, ఒక్కసారే కొలిచాడు. కత్తెర చేతిలోకి తీసుకుని, మళ్లీ బల్ల మీద పెట్టేశాడు.

"అమ్మాయ్, ఇలా రా. నువ్వూ ఓసారి కొలిచి చూడు. ఇద్దరం చూశాక కూడా తప్పొచ్చిందా, ఆ తప్పు నాదే."

ఆమె కొలిచింది. "సరిగ్గానే ఉంది. కానివ్వండి మాస్టారూ."

ఎనిమిదిన్నరకు కత్తెర గుడ్డలోకి దిగింది. ఆ కరకర వినగానే అందరూ గబగబా మిషన్ల ముందు సర్దుకున్నారు. కాలర్లు కుట్టే ఆయన తన గడియారం ఆగిపోయిందేమోనని చెవి దగ్గర పెట్టుకుని మరీ విన్నాడు. తప్పు రానే వచ్చింది. నలభై జేబులు కాస్త పెద్దవయ్యాయి. మాస్టారు టేపు తీసి వాటిని మళ్లీ మళ్లీ కొలుస్తుంటే, "పోన్లెండి, రెండు పెన్నులు పడతాయి" అంది కాజాలమ్మాయి. ఆ జేబులు సరిచేయడానికి అరగంట పట్టింది, అంతే. ఆ సాయంత్రం ఐదింటికి అందరితో పాటు ఆమె కూడా చెప్పులేసుకుంది.

మర్నాడు ఆమె రాగానే మాస్టారు ఆత్రంగా అడిగాడు. "పాప సంతోషించిందా?"

"సంతోషమా! నన్ను చూడగానే బిక్కమొహం వేసింది. 'అమ్మా, నీ పని పోయిందా?' అని ఏడుపు."

షెడ్డంతా గొల్లున నవ్వింది.

"పోలేదని చెప్పాన్లెండి" అందామె. "ఇక రోజూ ఇదే టైముకి వస్తానని కూడా చెప్పమంటారా మాస్టారూ?"

"చెప్పమ్మా" అన్నాడు మాస్టారు, వెంటనే.