అన్ని బ్యాండ్లలోనూ మా బావ కోసం

మా బావ సూర్యనారాయణ గారు ఇక లేరు. గాజువాక కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతూ నల్లబల్ల వైపు తిరిగిన మనిషి మళ్లీ విద్యార్థుల వైపు తిరగలేదు. ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయిందట. కబురు తెచ్చిన ప్యూను మీద నేను కేకలు వేశాను. ఇంకెవరి గురించో చెబుతున్నాడనుకున్నాను. ఇలాంటి వార్తను అశనిపాతమంటారు. నాకు మాత్రం కోపం వచ్చింది. అది ఇంకా చల్లారలేదు.

ఊరికి ఆయన ఫిజిక్సు మాస్టారు. దేశదేశాల మిత్రులకు ఆయన హామ్, అంటే లైసెన్సు పుచ్చుకొని ఇంట్లోనే రేడియో కేంద్రం నడుపుకొనే ఔత్సాహికుడు. నోటితో మాట్లాడడం ఆయనకు రుచించేది కాదు. ఎవరో తుక్కు కింద పారేసిన టెలిప్రింటరును రిక్షాలో తెచ్చి, బాగుచేసి, రేడియోకు తగిలించారు. ఇక్కడ మీట నొక్కితే అక్షరం రెండు స్వరాల కూతగా మారి ఆకాశమార్గాన పోతుంది. సముద్రాల అవతల అలాంటి యంత్రమే దాన్ని కాగితం మీద అచ్చు కొడుతుంది.

వన్‌టౌన్‌లో ఆయన అద్దెకున్న మేడగదిలో ఆ యంత్రం మొదలైతే గోడ మీద దేవుడి పటాలు వణికేవి. కింద వాటాలో దర్జీ ఖాదర్ సాహెబు. ఆయన కుట్టుమిషను మోటారు తిరిగితే బావ రేడియోలో బరబర; బావ టెలిప్రింటరు కొడితే సాహెబు నెత్తిన సున్నం. తగవు తప్పదని నేను ఎదురుచూశాను.

"మాస్టారూ, తమరు ఇనీటప్పుడు నాను సేత్తో కాజాలు కుట్టుకుంతాను" అన్నాడు సాహెబు.

"నమాజు యేళ నా మిషను ముట్టను" అన్నారు బావ.

ఇద్దరూ మాట తప్పలేదు.

కాలేజీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కొని టీ గ్లాసుతో మేడెక్కేవారు. రేడియో తరంగాలకు బ్యాండ్లని కొన్ని వరుసలున్నాయి. ఒక్కోటి ఒక్కో వేళ పలుకుతుంది. ఎండ ఉండగా పది మీటర్లు, పొద్దు వాలేకొద్దీ పదిహేను, ఇరవై, చీకటి పడ్డాక నలభై. ఆ క్రమంలో డయలును మెల్లగా తిప్పుతూ టెలిప్రింటరు కూతల కోసం వెదికేవారు. తాను పిలిచే ముందు "ఈ చోట ఎవరైనా ఉన్నారా?" అని అడిగి, ఆగి, మళ్లీ అడగడం ఆ విద్యలో మర్యాద. ఆ మర్యాదను ఆయన సిటీ బస్సులోకి కూడా మోసుకెళ్లారు. ఖాళీ సీటు పక్కన నిలబడి "ఇక్కడెవరైనా ఉన్నారా అండీ?" అని అడిగి, ఆగి, మళ్లీ అడిగేలోగా ఎవడో కూర్చునేవాడు. ఇక గాజువాక దాకా నిలువుకాళ్ల మీదే. నేను విసుక్కుంటే "పోనీ బావా, ఆడికి కాళ్లు నొప్పెడతన్నాయేటో" అనేవారు. ఆ మంచితనం చూస్తే నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు అదే తలచుకొని ఏడుస్తున్నాను.

నన్నూ వెంటపడి లైసెన్సు తీయించారు. డయలు దగ్గర నేను తొందరపడితే చెయ్యి పట్టుకొని ఆపేవారు. "పిలవడం ఎవుడైనా పిలుత్తాడు బావా. ఇనీవోడు గావాల" అనేవారు.

ఆయన నేస్తాల్లో మొదటివాడు జపానులో ఒక వృద్ధుడు, రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడు. ఏళ్ల తరబడి స్నేహం. ఒకరి గొంతు ఒకరు వినలేదు, ముఖం చూడలేదు. పొడిపొడి ఇంగ్లీషులో వానల గురించి, టమాటా మొక్కల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి టైపు కొట్టి పంపుకునేవారు. ఆ వృద్ధుడి పాత సెట్టు వేడెక్కితే స్వరం కిందికి జారేది. బావ డయలుతో దాని వెంటపడేవారు. వంటింట్లోంచి మా అక్క "అదిగో, మీ ముసలాయన జారతన్నాడు" అని కేకేసేది. అక్కకు ఇంగ్లీషు రాదు. రేడియోలో పేరుకు బదులు వాడే అక్షరాలుంటాయి. కాగితం మీద భర్తకిచ్చిన ఆ అక్షరాలను మాత్రం గుర్తుపట్టేది.

కర్మకాండ ముగిశాక ఒక సాయంత్రం అక్క నన్ను మేడ మీదికి పిలిచింది. అప్పటివరకు ఆమె కంట తడి పెట్టలేదు. "మిషను ఓపాలి పెట్టరా" అంది. పెట్టాను. పదిహేను మీటర్లలో ఆ జారే స్వరం దొరికింది. కాగితం నిండా బావ పేరే, వరుసకు వరుస.

"ఇది మీ బావ పేరే గదరా?"

"అవునక్కా. పిలుస్తున్నాడు. ఈయన పోయిన సంగతి ఆయనకు తెలియదు."

నేను మీటల మీద చెయ్యి వేయబోతే పట్టుకొంది. "సెప్పీకురా. ఇంకా పిలవనీ. ఈ పేరు పెట్టి పిలిచీవోలు ఇంకెవులున్నారు?"

చెప్పలేదు. మరునాడూ చెప్పలేదు. పదిహేనులో జవాబు లేక ఆ ముసలాయన ఇరవైకి వెళ్లాడు. అక్కడా పిలిచి, ఆగి, విని, నలభైకి దిగాడు. నేను వెనకే డయలు తిప్పుతూ వెళ్లాను. మా బావ నడిచిన దారినే మా బావను వెదుకుతున్నాడు. అక్క కాగితం చేత్తో నిమురుతూ చూసింది, చూసింది.

"పెద్దాయన. ఎంతకని తిరుగుతాడు? పాపం తగుల్తాది. సెప్పీరా" అంది.

ఒకరి పేరుతో ఇంకొకరు ప్రసారం చేయకూడదు. నా పేరుతోనే పిలిచి, నేనెవరో చెప్పి, సంగతి కొట్టాను. రెండు వాక్యాలు. ఎంతో సేపు పట్టింది.

అటువైపు నుంచి ప్రసారం తెరుచుకుంది. కానీ అక్షరం రాలేదు. మీటలు ముట్టకుండా ప్రసారం తెరిచి ఉంచితే ఒకే స్వరం ఆగకుండా వినిపిస్తుంది. అదే వినిపిస్తోంది. యంత్రం తిరుగుతోంది, కాగితం కదలడం లేదు. ఏదో చెడిపోయిందేమోనని నేను తీగలు సవరించబోయాను.

"ముట్టకు. ఏడుస్తన్నాడురా" అంది అక్క.

ఆ మాట అని, టెలిప్రింటరు మీద తల వాల్చి, తొలిసారి తానూ ఏడ్చింది. ఆ స్వరం కిందికి జారుతూ వినబడనంత దూరం పోయింది. దాన్ని వెంబడించి పట్టుకోవడం మా బావకే చేతనవును. నాకు చేతకాలేదు.