శని ఉంగరం దాచుకున్న ఏడాది

కార్తీకపు ముసురు పట్టి ఇల్లంతా ఆరని బట్టల వాసన కొడుతున్న ఒక మధ్యాహ్నం, ఇందుకూరుపేట నుంచి మా అక్క ఫోను చేసి, మీ బావ బియ్యం డబ్బా ముందు కూర్చున్నాడు, మూత తీయమంటున్నాడు, నువ్వొకసారి రావాలి అంది. బియ్యం డబ్బా అనగానే నేను చెప్పులు వెతుక్కున్నాను. అందరి ఇళ్లలో బియ్యం డబ్బాలో బియ్యం ఉంటాయి. మా బావ ఇంట్లో శని ఉంటాడు. ఆ కథ ముందుగా చెప్పకపోతే ఈ ఫోను సంగతి మీకు అర్థం కాదు.

పాతికేళ్ల కిందట మా బావకు నెల్లూరులో కళ్లజోళ్ల షాపు ఉండేది. షాపంటే పెద్దదనుకునేరు. లోపల కూర్చున్న మనిషికి కళ్లు పరీక్ష చేయాలంటే అక్షరాల చార్టును ఎదురుగా రోడ్డవతలి మందుల షాపు గోడకు తగిలించాల్సి వచ్చేది, మధ్యలో లారీ అడ్డొస్తే దాని నంబరు ప్లేటు చదివించేవాడు. నేను చెప్పేదాంట్లో సగం కొట్టేసి మిగిలినదాంట్లో పావు నమ్మమని మా అక్క చుట్టాలందరికీ చెప్పిపెట్టింది కాబట్టి మీరూ ఆ ప్రకారమే చదువుకోండి. ఉద్యోగం దొరకని రోజుల్లో నేను ఆ షాపులోనే ఫ్రేములకు మరలు బిగిస్తూ కాలక్షేపం చేసేవాణ్ణి. మన ఈడు వాళ్లకు ఆనాటి కరెంటు కోతలు గుర్తుండే ఉంటాయి. దీపం పోగానే అందరూ విసనకర్రలు పట్టుకుని పెరట్లో కూలబడితే, ఆకాశం దండెం మీది దుప్పటిలా తల మీదికి వేలాడేది. అలాంటి ఒక సాయంత్రం మా బావకు, ఇంతమందికి అద్దాలు అమ్ముతున్నాను కదా, ఆ పైవాటిని చూసే అద్దం నేనే ఎందుకు చేసుకోకూడదు అనిపించింది.

దళసరి గాజు బిళ్లలు రెండు, వాటి మధ్య గరుకు పొడి, నీళ్లు. కిందిదాన్ని ఇనుప డ్రమ్ము మీద బిగించి, పైదాన్ని ముందుకూ వెనక్కూ తోస్తూ డ్రమ్ము చుట్టూ తిరగాలి. అలా తోయగా తోయగా పైబిళ్ల మెల్లగా గుంటపడి, దూరపు వెలుగును ఒకచోటికి పోగుచేసే అద్దమవుతుంది. నెలల తరబడి నేను ఆ డ్రమ్ము చుట్టూ తిరిగిన తిరుగుడును సాగదీసి పరిస్తే మద్రాసు దాటి పోయేది. బావాబామ్మర్దులు రోజూ పెరట్లో ఏం పిండి రుబ్బుతున్నారని వీధివాళ్లు మా అక్కను అడిగేవారు. చివరికి మద్రాసులో దానికి మెరుపు పూత వేయించుకొచ్చి, రొయ్యల చెరువుల కోసం దింపిన లావుపాటి పైపు ముక్కలో అద్దాన్ని అమర్చి టెలిస్కోపు చేశాం. శని ఎదురుపడకూడదని జనమంతా ప్రదక్షిణలు చేస్తుంటే, ఈ చర్చి కుటుంబం పైపు పెట్టి మరీ ఆయన్ను ఇంటికి పిలుస్తోందని పక్కింటి పెద్దావిడ కొన్నాళ్లు మా వైపు కిటికీ తెరవలేదు.

ఆ శనిని మొదటిసారి చూసిన సాయంత్రాన్ని మాత్రం పెంచి చెప్పడం నా తరం కాదు. నల్లటి నలుపులో ముత్యమంత గుండు, దాని చుట్టూ ఎక్కడా అంటకుండా నిలిచిన వెడల్పాటి ఉంగరం. మా బావ ఒకసారి చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసి, లేచి పైపు ముందువైపుకు వెళ్లి, నేనేమైనా బొమ్మ అంటించానేమోనని తడిమి వచ్చాడు. అక్కను రమ్మంటే, ఇంట్లో ఉన్న గిన్నెలు చూసుకోవడానికే నాకు తీరిక లేదు, ఆకాశంలోవి కూడా నేనే చూడాలా అంది. ఆ తర్వాత ఎన్నేళ్లు పిలిచినా ఆమె ఆ పైపుకు కన్ను ఆనించలేదు.

ఇక బియ్యం డబ్బా. మైపాడు నుంచి వచ్చే ఉప్పుగాలి మా వైపు తలుపు బందుల్నే తినేస్తుంది, అద్దం పూత దానికొక లెక్కా. తేమ తగలకూడని వస్తువు ఏదైనా నెల్లూరు మనిషి చేసే పని ఒకటే, బియ్యంలో పెట్టడం. సర్టిఫికెట్లు, కెమెరా, పెళ్లినాటి గొలుసు, అన్నీ అక్కడే. అలాగే మేమిద్దరం అద్దాన్ని పలచటి గుడ్డలో చుట్టి, కొత్తగా వచ్చిన మొలగొలుకుల బియ్యం మధ్య భద్రంగా పాతిపెట్టాం. వానాకాలం పోయాక తీసి చూస్తే గుడ్డలోంచి తవుడు చొరబడి, తేమకు ముద్దై, అద్దం నిండా బూజు పూసింది. తుడిస్తే బూజుతోపాటు పూతా వచ్చేసింది. ఆ తర్వాత సంసారాలు, అప్పగింతలు, షాపు మార్పులు. అద్దానికి మళ్లీ పూత వేయించేసరికి ఏళ్లు గడిచాయి, ఆ మధ్యలో శని ఒకసారి తన ఉంగరాన్ని మూసి తెరిచినా మేం చూడలేదు. అప్పటినుంచి ఆ డబ్బాలో బియ్యం పోయడం మానేసి అద్దాన్ని ఒక్కదాన్నే ఉంచారు.

ఇంతలో షుగరు మా బావ కళ్లలోకి దిగింది. ఎడమకంటికి ఆపరేషను చేయించినా వెలుగు తిరిగి రాలేదు. ఇప్పుడు కుడికంట్లోనూ నెత్తురు చిమ్మి మసక కమ్మింది. వచ్చే మంగళవారం ఆపరేషను చేస్తే ఈ కన్ను నిలవొచ్చు, చేయకపోతే నిలవదని డాక్టరు చెప్పారు. ఎడమకన్నప్పుడూ ఇదే మాట చెప్పారని మా బావ మొండికేశాడు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేస్తే ఆమెన్ అన్నాడు గానీ ఆస్పత్రికి సరేననలేదు.

నేను వెళ్లేసరికి డబ్బా మీద చెయ్యి వేసుకుని కూర్చుని ఉన్నాడు. "రేయ్, అద్దం బిగించు. ఉంగరం కనపడిందంటే కంట్లో ఇంకా సరుకున్నట్టే, మంగళవారం వస్తా. కనపడలేదంటే నన్ను కత్తి కిందికి తోయొద్దండి" అన్నాడు. ఊరందరికీ చార్టు చూపించి బతికిన మనిషి తనకు తాను పెట్టుకున్న చార్టు అది.

నా నెత్తిన పిడుగు పడింది. ఎందుకంటే ఈ ఏడాది శని ఉంగరం మనవైపు అంచు తిప్పుకుని ఉంది. కాగితాన్ని అంచు వైపు నుంచి చూసినట్టే, ఉన్నా కనపడదు. అదే చెప్పాను. బావ నవ్వాడు.

"ఇన్నేళ్లు తెరుచుకునున్న ఉంగరం సరిగ్గా నా కన్ను పోయే ఏడాదే మూసుకుందా? ఇంకొంచెం చిన్న అబద్ధం చెప్పరా, నమ్మేదానికి వీలుగా ఉంటుంది."

చందమామను చూపిస్తానన్నాను. దాన్ని గుడ్డివాడు కూడా చూస్తాడన్నాడు. మా అమ్మ మీద ఒట్టేశాను, బైబిలు మీద చెయ్యి పెట్టబోతే అక్క తీసి బీరువాలో పెట్టింది. పుట్టి బుద్ధెరిగాక ఒక మాటను ఈక కూడా కలపకుండా చెప్పింది అప్పుడే, ఆ ఇంట్లో దాన్ని కొనేవాడే లేడు.

పొద్దుకుంకే వేళకు ముసురు విచ్చి తూర్పు వైపు ఒక జాగా తేటపడింది. అక్క చెయ్యి పట్టుకుని బావను డాబా ఎక్కించింది. నేను పైపు సరిచేసి స్టూలు వేశాను. ఆయన చాలాసేపు చూశాడు. తల ఇటూ అటూ జరిపాడు, ఊపిరి బిగబట్టాడు, కన్ను తుడుచుకుని మళ్లీ చూశాడు.

"గుండొక్కటే ఉండాది" అని, లేచి, భుజం మీది తుండు తీసి మడత పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

అప్పుడు మా అక్క, ఇన్నేళ్లలో ఎన్నడూ లేనిది, కొంగు దోపుకుని స్టూలు మీద కూర్చుంది. ఏ కన్ను మూయాలో తెలియక రెండూ మూసింది. తర్వాత ఒకటి తెరిచింది.

"ఉంగరం యాడుందిరా ఇందులో? గోలీకి సూది గుచ్చినట్టుండాది, అంతే. ఇంతదానికా పాతికేళ్లు నా డబ్బా ఆక్రమించినారు?"

బావ చేతుల్లో తుండు ఆగింది. "సూదా? ఎటునుంచి ఎటు?"

"ఈ పక్కనుంచి ఆ పక్కకి. గీత మాదిరి. ఉందనుకుంటే ఉంది, లేదనుకుంటే లేదు. మీరేమో ఉంగరమంటిరి, వాడేమో లేదనె. వాడు చెప్పిందే నిజమయ్యేట్టుంది, ఇదేం చోద్యమో."

మా అక్కకు ఊహించి చెప్పడం రాదు. కూరలో ఉప్పు లేకపోతే చుట్టాల ముందే లేదనే మనిషి. బావ మళ్లీ వంగి చూశాడు. సూది తనకు కనపడలేదన్నాడు. నాకూ ఊరికే కనపడలేదు లెండి, ఊపిరి పట్టుకోవాల్సి వచ్చిందని అక్క జవాబు చెప్పింది.

ఆయన నా వైపు తిరిగాడు. "మళ్లా ఎప్పుడు విచ్చుకుంటుంది?"

"వచ్చే ఏడాదికే కొంచెం తెరుచుకుంటుంది బావా. మనం మొదట చూసినంత వెడల్పు కావాలంటే ఏడెనిమిదేళ్లు."

"నీ లెక్క కదా, సగం కొట్టేస్తే నాలుగు" అన్నాడు. తర్వాత అక్కతో, "మంగళవారానికి ఆటో చెప్పినావా?" అని అడిగాడు.

ఆపరేషను అయింది. కట్టు విప్పారు. మసక తగ్గిందో లేదో ఇప్పుడే చెప్పలేమంటున్నారు, ఆగాలంటున్నారు. నేను రోజూ ఫోను చేస్తున్నాను. ఇందుకూరుపేట చుట్టూ ఇప్పుడు రొయ్యల చెరువుల దీపాలు తెల్లవార్లూ వెలుగుతాయి, దండెం మీది దుప్పటిలా వేలాడిన ఆ ఆకాశం వెలిసిపోయి ఎక్కడికో పైకి జరిగింది. కావాలంటే శని బొమ్మ సెల్‌ఫోనులో మా అద్దంలోకంటే వందరెట్లు బాగా కనపడుతుంది, అందులో ఉంగరం ఏ ఏడాదీ మూసుకోదు. ఒకప్పుడు ఆ పైపు పెట్టుకుని అక్కడేముందో చూద్దామని ఎక్కేవాళ్లం. ఈసారి ఇక్కడ, ఈ కంట్లో, ఇంకా ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి ఎక్కాం.

అద్దం మళ్లీ డబ్బాలోకి చేరింది. మబ్బు లేని సాయంత్రాల్లో మా అక్క ఒక్కతే డాబా ఎక్కి, వట్టి కంటితోనే నాలుగు దిక్కులూ చూసి, కిందికి దిగి, ఏది ఎక్కడుందో మంచం పక్కన కూర్చుని బావకు చెబుతోందట. నేనూ వచ్చి చెబుతానంటే వద్దన్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాళ్లే కావాలట.